సెల్ఫుకి వేరు, లైట్లకి వేరు

ఏప్రిల్ 15న వేట ఆగుతుంది. జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లన్నీ విశాఖ ఫిషింగ్ హార్బరులో జెట్టీలకు ఆనుకుని ఉండిపోతాయి. కలాసీలు ఊళ్లకు వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ రెండు నెలలూ తిండి తినే తీరిక ఉండదు. ఒకవైపు వడ్రంగులు పుచ్చిన చెక్కలు మారుస్తుంటారు, ఇంకోవైపు ఇంజను మేస్త్రీలు హెడ్డు విప్పి కూర్చుంటారు. నేను ఇంజను గది మూత ఎత్తి, టార్చిలైటు పట్టుకుని లోపలికి దిగుతాను. బోట్లకు కరెంటు పని చేస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే.

దిగగానే పైనున్న కుర్రాణ్ణి "ఓసారి సెల్ఫ్ కొట్రా" అని కేకేస్తాను. మీటరు తర్వాత, ముందు చెవి. బ్యాటరీ నిండుగా ఉంటే సెల్ఫు మోటారు గిర్రున తిరుగుతుంది, రెండు మూడు చుట్లలోనే ఇంజను అందుకుంటుంది. నీరసంగా ఉంటే మూలుగుతూ సగం చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఇంకా దిగజారితే టకటకటకా అని పళ్లు కొట్టుకున్నట్టు చప్పుడొస్తుంది. మోటారుకు కరెంటు కలిపే సోలినాయిడు చేసే చప్పుడది. దాన్ని లాగడానికి సరిపడా సత్తువ బ్యాటరీలో ఉంటుంది. అది అతుక్కుని మోటారుకు దారి తెరవగానే ఆ సత్తువ కూలిపోయి సోలినాయిడు విడిపోతుంది. బరువు తగ్గిందిగదా, బ్యాటరీ తేరుకుని మళ్లీ లాగుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇదే జరుగుతుంటే మనకి టకటక వినిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు వింటే నా కడుపులో ఏదో జారినట్టుంటుంది. ఎందుకో ముందుకెళ్లాక చెబుతాను.

ఈమధ్య ఒక వేట నిషేధంలో ఒక సోనా బోటు ఓనరు కబురు పెట్టాడు. సోనా బోటంటే సుమారు 13 మీటర్ల ట్రాలరు. లేలాండ్ ఇంజను, ఏడెనిమిది మంది మనుషులు, అడుగున ఐసు నింపుకునే గది. వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నడిసముద్రంలో ఉంటుంది. ఓనరు నాకన్నా పెద్దవాడు.

"సంక్రాంతికే కొత్త బేటరీలు ఏసినాను మేస్త్రీ. లైట్లు సూడు, ఎంత తెల్లగా ఎలుగుతున్నాయో. బేటరీ కాదు, సెల్ఫే పోనాది."

లైట్లు నిజంగానే వెలుగుతున్నాయి. మీటరు పెట్టాను. రెండు బ్యాటరీలూ కలిపి 24.5 వోల్టులు. సెల్ఫు కొట్టమన్నాను. ముల్లు 15కి పడిపోయింది. టకటకటక.

ఇది చాలామందికి అంతుపట్టదు, కొంచెం వివరంగా చెప్పాలి. ఒక పది వాట్ల ఎల్‌ఈడీ దీపం 24 వోల్టుల మీద లాగేది అర ఆంపియరు కూడా ఉండదు. వంద గుర్రాల డీజిలు ఇంజనును కదిలించడానికి సెల్ఫు మోటారు మూడు నాలుగు వందల ఆంపియర్లు లాగుతుంది. దీపానికీ సెల్ఫుకీ దాదాపు వెయ్యి రెట్ల తేడా. కుండ అడుగున మిగిలిన నీళ్లను చెంబుతో ముంచుకుని రోజంతా తాగొచ్చు. అదే కుండను వంచి ఒక్కసారి ధారగా పోయాలంటే అడుగున ఉన్న నీళ్లు చాలవు. దీపం వెలిగిందని బ్యాటరీ బాగుందనుకోవడం అందుకే పొరపాటు.

ఇంకో సంగతి. మా బోట్ల డీజిలు ఇంజను ఒకసారి అందుకుందంటే దానికి బ్యాటరీతో పనిలేదు. పెట్రోలు ఇంజనుకు ఉన్నట్టు నిప్పురవ్వ అక్కర్లేదు, డీజిలు వెళుతున్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అందుకే తీరం నుంచి బయల్దేరి రెండ్రోజులు ఇంజను ఆపకుండా నడిపినవాడికి తన బ్యాటరీ ఏ స్థితిలో ఉందో తెలియదు. ఆపి, మళ్లీ మొదలుపెట్టాల్సిన క్షణంలోనే తెలుస్తుంది. వెనకటి చిన్న ఇంజన్లకైతే హ్యాండిలుండేది, ఇద్దరు బలమైన వాళ్లు తిప్పితే అందుకునేవి. వంద గుర్రాల ఇంజనును చేత్తో తిప్పగల మనిషి పుట్టలేదు.

నేను పని నేర్చుకున్నది బోట్ల మీద కాదు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల ఎలక్ట్రికల్ షాపులో. లారీలోనూ అదే లేలాండ్ ఇంజను, అవే రెండు 12 వోల్టుల బ్యాటరీలు, వరసగా కలిపి 24. కనుక హార్బరుకొచ్చినప్పుడు లారీకి చేసిన వైరింగే బోటుకీ చేశాను. నేనొక్కణ్ణే కాదు, అప్పట్లో అందరం అంతే. కానీ లారీ రాత్రంతా ఇంజను ఆపి లైట్లు వేసుకుని కూర్చోదు. బోటు కూర్చుంటుంది. లంగరేసిన బోటు రాత్రంతా తెల్ల దీపం వెలిగించి తీరాలి, లేకపోతే విశాఖ రేవుకొచ్చే పెద్ద ఓడలకు కనిపించదు. వల లాగుతుంటే పైన పచ్చ, కింద తెలుపు. ఇవికాక జీపీఎస్, చేపల్ని చూపించే ఎకో సౌండరు, వైర్‌లెస్ సెట్టు, కేబినులో దీపాలు, ఫ్యాన్లు, ఎనిమిది మంది ఫోన్లు. లారీకి ఈ సంసారం లేదు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నేను వైరింగు చేసిన ఒక బోటు శివరాత్రి వెళ్లాక వేటకెళ్లింది. భీమిలికి ఎదురుగా చాలా లోపల, రాత్రి ఇంజను ఆపి లంగరేసి పడుకున్నారు. తెల్లారి సెల్ఫు కొడితే టకటకటక. పోనీ వైర్‌లెస్‌లో పక్క బోటును పిలుద్దామంటే సెట్టు వెలిగినట్టే వెలిగి, మాట్లాడే మీట నొక్కగానే ఆరిపోయింది. దానికీ అవే బ్యాటరీలు. ఆ రోజుల్లో అంతదూరం ఫోను అందదు. ఆ మధ్యాహ్నం గాలి లేచి లంగరు తాడు తెగింది. ఏటా ఆ రుతువులో మా సముద్రంలో నీటి పోత ఒడిశా వైపు ఉంటుంది. రెండు రాత్రులు కొట్టుకుపోయారు. రెండో రాత్రికి తెల్ల దీపం కూడా లేదు. కళింగపట్నానికి ఎదురుగా ఇంకో బోటువాళ్లు పగటిపూట చూడబట్టి తాడు కట్టి లాక్కొచ్చారు. అందరూ బతికే వచ్చారు. వాళ్లలో ఒక పెద్దాయన, మాకు వరసకు మావయ్య, జెట్టీ మీద నన్ను పక్కకు పిలిచాడు. కోప్పడలేదు. "ఇత్తనాల బస్తాలోంచి తీసి వండేసినావురా అల్లుడూ" అన్నాడు.

రైతు ఇంట్లో ఎంత కరువొచ్చినా విత్తనాల బస్తా జోలికి వెళ్లరు. అది తింటే వచ్చే ఏడాది లేదు. ఇంజనును లేపే బ్యాటరీ విత్తనం. లైట్లకూ ఫ్యాన్లకూ వాడేది తిండిగింజలు. నేను రెండూ ఒకే బస్తాలో పోశాను. ఆరోజు నుంచి నా చేతి కింద ఏ బోటుకూ అలా చేయలేదు.

విడిగా పెట్టాలంటే ముందు రెండు రకాల బ్యాటరీల తేడా తెలియాలి. సీసం, గంధకికామ్లం కలిసిన ఈ బ్యాటరీని 1859లో గాస్తోం ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేశాడు. లోపలి సూత్రం ఈనాటికీ అదే. గోధుమరంగు సీసపు ఆక్సైడు పలక ఒకటి, బూడిదరంగు సీసం పలక ఒకటి, మధ్యలో యాసిడ్. కరెంటు వాడుకున్నకొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, యాసిడ్ పలచబడి నీళ్లవుతుంది. చార్జింగు పెడితే వెనక్కి తిరుగుతుంది. ఎంత మిగిలిందో యాసిడ్ చిక్కదనమే చెబుతుంది. హైడ్రోమీటరులో 1.260 దగ్గరుంటే నిండు, 1.190 అంటే సగం, 1.120కి వచ్చిందంటే అయిపోయింది.

సెల్ఫు కోసం చేసే బ్యాటరీలో పలకలు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. యాసిడ్‌కు తగిలే వైశాల్యం ఎక్కువ కాబట్టి ఒక్కసారి వందల ఆంపియర్లు విసరగలదు. నాలుగైదు సెకన్ల పని, ఆ వెంటనే డైనమో నింపేస్తుంది. అదే బ్యాటరీని రాత్రంతా మెల్లగా పిండి పూర్తిగా ఖాళీ చేస్తే ఆ పలుచటి పలకల మీది పూత రాలి అడుగున పడిపోతుంది. అలా కొన్ని పదులసార్లు జరిగితే చాలు, బ్యాటరీ పనికిరాదు. రెండో రకం మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది, ఇన్వర్టరు కింద పొడుగ్గా నిలబడే ట్యూబులర్ బ్యాటరీ. అందులో పాజిటివ్ వైపు పలకకు బదులు వరసగా సీసపు కడ్డీలుంటాయి. ఒక్కో కడ్డీ చుట్టూ గుడ్డగొట్టం, ఆ గొట్టంలో మందు కూరి ఉంటుంది. తొడుగు ఉంది కనుక మందు రాలిపోదు. రోజూ సగం దాకా వాడి నింపుకున్నా ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ సెల్ఫు అడిగే విసురు దీని వల్ల కాదు. ఇంజనుకు మొదటిది, బోటులో సంసారానికి రెండోది. అటుదిటు చేయకూడదు.

ఎంత పెద్దది పెట్టాలి? సోనా బోటులో ఇంజను ఆపాక నడిచేవన్నీ కలిపి సగటున 75 వాట్లు అనుకుందాం. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా పన్నెండు గంటలు. 75 ఇంటూ 12 అంటే 900 వాట్ అవర్లు. 24 వోల్టులతో భాగిస్తే 37.5 ఆంపియర్ అవర్లు. బ్యాటరీలో సగం మించి వాడకూడదు కాబట్టి కనీసం 75 కావాలి. పాతబడుతున్నకొద్దీ తగ్గుతుంది కాబట్టి నేను 100 ఆంపియర్ అవర్లవి రెండు, వరసగా కలిపి పెడతాను. ఈ లెక్క ఓనరు ఎదురుగా కాగితం మీద వేస్తాను. లెక్క చూశాక ఎవరూ బేరమాడరు.

ఆ సంక్రాంతి బ్యాటరీల బోటుకొద్దాం. మీటరు రెండింటి మీదా కలిపి కాకుండా ఒక్కొక్క దాని మీద పెట్టాను. ఒకటి 12.7. రెండోది 11.8. మూతలు విప్పితే, 12.7 ఉన్న దాంట్లో నీళ్లు పలకల కిందికి దిగిపోయాయి. 11.8 ఉన్నదాంట్లో నీళ్లు పైదాకా ఉన్నాయి, పలకల మీద మాత్రం తెల్లటి పొర. ఒకే రోజు కొన్న, ఒకే పెట్టెలో కూర్చున్న కవలలు. ఒకటి దాహంతో ఎండిపోయింది, ఇంకోటి ఆకలితో.

వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాను. అనుకున్నదే. వైర్‌లెస్ సెట్టు, ఫోను చార్జర్లు, పాటల డబ్బా 12 వోల్టులవి. బోటులో ఉన్నది 24. ఎవరో వాటికోసం రెండు బ్యాటరీల్లో ఒకదాని మీంచి మాత్రమే 12 వోల్టులు లాగారు. మా హార్బరులోనే కాదు, నేను చూసిన రేవులన్నిటా ఇదే తప్పు. చేయడం తేలిక, ఆ పూటకు పనిచేస్తుంది, నాశనం మెల్లగా జరుగుతుంది. ఎలాగంటే, వరసగా కలిపిన రెండు బ్యాటరీలు ఒకే కాడి కింద కట్టిన రెండెడ్ల లాంటివి. డైనమో ఇచ్చే కరెంటు రెండింటి గుండా సమానంగానే వెళుతుంది. కానీ ఒకదాన్నుంచి మాత్రం విడిగా రోజూ ఇంత తోడేస్తున్నాం. డైనమోకి ఈ తేడా తెలియదు. అది మొత్తం 28.4 వోల్టులు అయిందా లేదా అనే చూస్తుంది. నిండిన బ్యాటరీ 15కి ఎక్కి, వెలితిది 13.4 దగ్గరే ఉన్నా, కూడితే 28.4. చాలు, నిండాయి అనుకుని డైనమో తగ్గిపోతుంది. నిండింది రోజూ ఉడికి నీళ్లు ఆవిరి చేసుకుంటుంది. వెలితిది ఎన్నడూ నిండక సల్ఫేటు గట్టిపడి రాయవుతుంది. కొత్త బ్యాటరీలు నాలుగు నెలల్లో పోతే జనం కంపెనీని తిడతారు. తప్పు ఆ ఒక్క వైరుది.

దీనికి మందు 24ని 12గా మార్చే కన్వర్టరు. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా. రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకుని 12 ఇస్తుంది. ఓనరుకు చెప్పాను. డబ్బా ఖరీదు విని ముఖం మాడ్చుకున్నాడు, పోయిన రెండు బ్యాటరీల ఖరీదు గుర్తుచేస్తే ఒప్పుకున్నాడు.

ఇక అసలు చిక్కు. బ్యాటరీలు నాలుగయ్యాయి, డైనమో ఒక్కటే. ఇంజనువీ ఇంటివీ రెండూ నిండాలి, అయినా ఇంటివి ఖాళీ అయినప్పుడు తమతోపాటు ఇంజనువాటిని లాక్కెళ్లకూడదు.

పాత పద్ధతి పెద్ద స్విచ్చి. ఒకటి, రెండు, రెండూ, ఆఫ్ అని నాలుగు గీతలుంటాయి. ఇంజను నడిచేటప్పుడు 'రెండూ'లో పెట్టాలి, ఆపగానే 'రెండు'కి, అంటే ఇంటి బ్యాటరీలకు, తిప్పాలి. వల ఎక్కించి, చేపలు ఏరి, ఐసులో పెట్టి, నిద్ర ముంచుకొస్తున్న మనిషి స్విచ్చి తిప్పడం మరిచిపోతే అతన్ని తప్పుపట్టలేను. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంజను తిరుగుతుండగా పొరపాటున 'ఆఫ్' మీదికి వెళితే డైనమో పంపే కరెంటుకు పోయే దారి లేక వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి లోపలి డయోడ్లు కాలిపోతాయి. తర్వాత డైనమో తిరుగుతుంది కానీ చార్జింగు రాదు.

రెండోది డయోడ్ల ఐసొలేటరు. కరెంటును ఒకవైపే పోనిస్తుంది, మనిషి చేయి పెట్టక్కర్లేదు. కానీ దాటినందుకు సుంకం తీసుకుంటుంది, సుమారు 0.7 వోల్టు. డైనమో 28.4 ఇస్తే బ్యాటరీకి 27.7 చేరుతుంది. ఆ చివరి వెలితి రోజూ మిగిలిపోతుంది.

నేను పెట్టేది వోల్టేజిని చూసి కలిసే రిలే. ఇంజను లేవగానే డైనమో ముందు సెల్ఫు బ్యాటరీలనే నింపుతుంది. వాటి వోల్టేజి 27 దగ్గరికి చేరిందంటే ఇక్కడ కడుపు నిండినట్టే, అప్పుడు రిలే టక్కున కలిసి ఇంటి బ్యాటరీలకూ దారి ఇస్తుంది. ఇంజను ఆపాక 25.6కి దిగగానే విడిపోతుంది. ఇక రాత్రంతా ఫ్యాన్లు తిరిగినా, పాటలు మోగినా విత్తనాల బస్తా భద్రం. పంక్తిలో ముందు ఎవరికి వడ్డించాలో దానికి తెలుసు. రిలే కలిసినప్పుడు వెలిగేలా కేబినులో డ్రైవరుకు కనిపించే చోట ఒక చిన్న పచ్చ దీపం పెడతాను. అది వెలగలేదంటే ఏదో తేడా ఉందని ఒడ్డుకు రాకముందే తెలుస్తుంది.

చార్జింగు గురించి ఒక్కమాట. అన్నం మొదటి నాలుగు ముద్దలు వేగంగా వెళతాయి, కడుపు నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. బ్యాటరీ కూడా 80 శాతం దాకా గబగబా తీసుకుని, చివరి 20 శాతానికి గంటల తరబడి కూర్చుంటుంది. ట్రాలు లాగే బోటుకు బాధలేదు, ఒక్కో లాగుకు మూడు నాలుగు గంటలు ఇంజను తిరుగుతుంది. వల వేసి ఇంజను ఆపి కూర్చునే బోట్లకే ఇబ్బంది. అరగంట ఇంజను నడిపి బ్యాటరీ నింపేశామనుకుంటారు. అలాంటి వాటికి కేబిను పైన సోలార్ పలకలు పెట్టమంటాను. వేట నిషేధంలోనూ అవే ఆదుకుంటాయి, ఎందుకంటే ఊరికే కూర్చున్న బ్యాటరీ కూడా ఎండాకాలంలో తనంతట తానే కారిపోతుంది.

వైర్ల దగ్గర నాకు ఓపిక తక్కువ. బ్యాటరీలు మంచివి కొని వైరు దగ్గర డబ్బులు మిగుల్చుకునే వాళ్లని చూస్తే బాధేస్తుంది. నీటి పైపు సన్నగా ఉంటే చివర ధార తగ్గినట్టే, వైరు సన్నగా ఉంటే వోల్టేజి దారిలోనే పోతుంది. కొట్టుకుపోయిన ఆ బోటులో వైర్‌లెస్ మాట్లాడబోతే ఆరిపోయిందన్నాను గదా. వినేటప్పుడు ఆ సెట్టు అర ఆంపియరు లాగుతుంది, మాట్లాడేటప్పుడు ఆరు. బ్యాటరీ నుంచి కేబినుకు ఎనిమిది మీటర్లు, రానూ పోనూ పదహారు. నేను లాగింది ఒన్ స్క్వేర్ వైరు. రాగి నిరోధం లెక్కన ఆ దారి మొత్తానికి 0.28 ఓములు. ఆరు ఆంపియర్లు వెళితే 1.68 వోల్టులు దారిలోనే మాయం. అసలే నీరసించిన బ్యాటరీలోంచి సెట్టుకు పదో, అంతకన్నా తక్కువో అందింది. ఫోర్ స్క్వేర్ వైరు వేసి ఉంటే పోయేది 0.42 మాత్రమే. సముద్రంలో అందరూ వినే చానల్ 16లో ఒక్క కేక వినిపించి ఉండేదేమో. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో.

మందం ఒక్కటే సరిపోదు, పూత కూడా కావాలి. ఇళ్లకు వాడే మామూలు వైరు సముద్రం మీద రెండేళ్లు ఉన్నాక, జాయింటు దగ్గర కాదు, జానెడు వెనక్కి పోయి కోసి చూడండి. తొడుగు లోపల రాగి నల్లగా మసిబారి ఉంటుంది, గిల్లితే పొడిరాలుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు సన్నటి పోగుల మధ్య నుంచి ఉప్పునీరు లోపలికి పాకిపోతుంది. ఇత్తడి గిన్నెకు చిలుము పట్టకుండా మన అమ్మమ్మలు కళాయి పోయించేవారు గుర్తుందా? బోటు వైరుకూ అదే. పోగు పోగుకూ తగరం పూత ఉన్న వైరు దొరుకుతుంది. ధర ఎక్కువే. చివర లగ్గును క్రింపింగ్ టూలుతో గట్టిగా నొక్కి, వేడిచేస్తే ముడుచుకుని లోపల జిగురు కరిగే తొడుగు వేస్తే పదేళ్లు చూడక్కర్లేదు. టెర్మినళ్లకు వాసెలిన్ రాయడం ఇంకా తేలిక, అదీ చేయరు.

లారీలో నెగెటివ్‌కు వైరు లాగం, బాడీయే నెగెటివ్. బోటులో అలా ఇంజను బాడీ మీంచి లైట్లకు కరెంటు తిప్పితే, తప్పిపోయిన కరెంటు ఉప్పునీటి గుండా దారి వెతుక్కుని బోటును నడిపే ప్రొపెల్లరునూ షాఫ్టునూ తినేస్తుంది. ప్రతి దీపానికీ రెండు వైర్లు బ్యాటరీ దాకా రావాల్సిందే.

ఫ్యూజు ఎక్కడుండాలి అంటే చాలామంది వస్తువు పక్కన చూపిస్తారు. ఫ్యూజు కాపాడేది వైరును, కాబట్టి బ్యాటరీ పక్కనే ఉండాలి, పాజిటివ్ నుంచి బయల్దేరిన జానెడులోనే. లేకపోతే మధ్యలో తొడుగు చెక్కకు రాసుకుని చిరిగి షార్టయితే ఆ వైరు మొత్తం పొయ్యిలో కట్టె అవుతుంది. బ్యాటరీ చార్జింగులో చివరికొచ్చేసరికి హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం కలిస్తే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. అది తేలిక వాయువు, పైకి పోతుంది, కనుక బ్యాటరీ పెట్టెకు పైన రంధ్రం ఉండాలి. ఇంజను గదిలో బీడీ వెలిగించే వాళ్లతో నేను గట్టిగానే మాట్లాడతాను. పెట్టె నీళ్లు చేరే అడుగులో కాకుండా ఎత్తుగా ఉండాలి. ఉప్పునీరు బ్యాటరీలో పడితే క్లోరిన్ వస్తుంది, ఆ మూసిన గదిలో ఊపిరి పీల్చలేం. ఇంకా, ఉంగరం. నాకు పని నేర్పిన గురువుగారి ఎడమచేతి వేలి చుట్టూ తెల్లటి మచ్చ ఉండేది. పానా పాజిటివ్ మీద, ఉంగరం బాడీకి. బంగారం ఎర్రబడడానికి క్షణం పట్టిందట. నా దగ్గరకు పనికొచ్చే ప్రతి కుర్రాడి చేత మొదటిరోజు ఉంగరాలు, చేతి గొలుసులు తీయించి జేబులో పెట్టిస్తాను.

ఇప్పుడు కాలం మారింది. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు 2024 నుంచి బోట్లకు బిగిస్తున్నారు. ఫోను అందని చోటి నుంచి కూడా ఉపగ్రహం ద్వారా కబురు పంపొచ్చు, తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. ఒడ్డున ఎవరైనా 1554కి ఫోను చేస్తే కోస్ట్‌గార్డు పలుకుతుంది. ఇవన్నీ చూస్తే నాకు సంతోషం. కానీ ఆ ట్రాన్స్‌పాండరు డబ్బాను బిగించాక దాని వైరు ఏ బ్యాటరీకి వెళుతోందో నేను మళ్లీ ఒకసారి చూస్తాను.

ఆ సంక్రాంతి బ్యాటరీల బోటుకు పని మూడు రోజులు పట్టింది. పాత వైరు మొత్తం పీకేశాను, ఒక గోనెసంచి నిండింది. జూన్ 14 రాత్రి హార్బరుకు వెళ్లాను. ఐసు, డీజిలు, బియ్యం, మంచినీళ్లు ఎక్కించేశారు. ఓనరు భార్య బోటు ముక్కుకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. అర్ధరాత్రి దాటుతుండగా జెట్టీ పొడవునా ఒక్కో ఇంజనూ లేవడం మొదలైంది. ఓనరు నా పక్కనే నిలబడ్డాడు, ఏమీ మాట్లాడలేదు. డ్రైవరు సెల్ఫు కొట్టాడు. గిర్రుమంది, రెండో చుట్టులో అందుకుంది. పొగ తేలిపోయాక కేబిను అద్దం వైపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి లోపల చిన్న పచ్చ దీపం వెలిగింది. కుర్రాడు తాడు విప్పి బోటులోకి విసిరాడు.